మూడో పిలుపు దాకా

20 జూన్ 1955, ఆళ్ళగడ్డ

బస్సు దిగేసరికి పెట్టె మూత ఊడింది. నా బట్టల పెట్టె కాదు, బాలవాడి సామాన్ల పెట్టె. మద్రాసు నుంచి కాగితాలు చుట్టి భద్రంగా తెచ్చుకున్న గులాబీరంగు చెక్కదిమ్మెలు బస్టాండు దుమ్ములో దొర్లాయి. ఒక పెద్దాయన ఒకటి ఏరి ఇస్తూ, "ఏంది మ్మా ఇవి, తూకం రాళ్ళా?" అన్నాడు. పిల్లలు చదువుకునే సామాన్లని చెప్పాను. ఆయన దాన్ని అన్ని వైపులా తిప్పి చూశాడు. "దీంట్లో అచ్చరం ఒగటీ లేదే" అని నా చేతిలో పెట్టాడు.

బాలవాడికి, అంటే నేను నడపబోయే చిన్నపిల్లల బడికి, ఇచ్చింది ఈ వీధిలోనే ఉండే మహానందమ్మ గారి పాత మిద్దె. నాపరాళ్ళ నేల. ముందు గదిలో మొన్నటిదాకా వేరుశనక్కాయ మూటలుండేవట, వాసన ఇంకా పోలేదు. వెనక ఒక చిన్న చీకటి గది, మధ్యన తలుపు. ఆ తలుపు చూడగానే నిశ్శబ్దపు ఆట గుర్తొచ్చింది. శిక్షణ ఏడాదిలో నేను నేర్చుకున్న వాటిలో అంత అందమైనది మరొకటి లేదు. పిల్లలు కాస్త కుదురుకోగానే మొదలుపెడతాను.

నెల తిరక్కుండా నేను నంద్యాలకు, ఇంటికి తిరిగొచ్చేస్తానని నాయన అన్నాడు. చూద్దాం.

24 జూన్

నాకు సహాయంగా ఇచ్చిన టీచరు పేరు దేవమ్మ. నంద్యాల మిషను వాళ్ళ దగ్గర శిక్షణ పొందిందట, నేను పుట్టకముందు. పిల్లల్ని గోడ వారగా వరసలో కూర్చోబెడుతుంది. గోళ్ళు చూస్తుంది. తర్వాత పాట. ఈ మూడూ వస్తే మిగతా చదువు దానంతటదే వస్తుందని ఆమె నమ్మకం.

ఈ రోజు పాట మంచు కురవడం గురించి. వేళ్ళు ఆడిస్తూ చేతులు పైనుంచి కిందికి దించుతుంది, పిల్లలూ దించుతారు. బయట ఎండకు గోడలు పేలిపోతున్నాయి.

"మీరెప్పుడైనా మంచు కురవడం చూశారా?" అన్నాను.

"మాకు నేర్పిన దొరసాని చూసింది" అంది.

నవ్వు ఆపుకున్నాను. తర్వాత పిల్లల దగ్గర ఎలా మెలగాలో ఆమెకు చెప్పాను. ఊరికే ముట్టుకోకూడదు. మెచ్చుకోకూడదు. అడక్కుండా సాయం చేయకూడదు. ఏ పని కావాలో పిల్లే ఎంచుకుంటుంది. అన్నీ విని, "పడితే గూడా లేపకూడదా మ్మా?" అంది.

2 జూలై

మహానందమ్మ గారి మనవరాలు సరోజకు నాలుగేళ్ళు. పెద్ద నోరు, పెద్ద కళ్ళు. ఈ రోజు దిమ్మెల్ని తనంతట తనే ఎంచుకుంది. నాకు ఎంత సంతోషమో. పెద్దదాని మీద చిన్నది పేర్చి గోపురం కడుతుందని ఊపిరి బిగబట్టి చూశాను. పెద్దవి మూడూ మూడు వైపులా పెట్టి పొయ్యి చేసింది. వాటి మీద తన పలక బోర్లించింది. చిన్న దిమ్మెలు సంగటిముద్దలు. నాకూ ఒకటి పెట్టింది.

ఏ సామానును ఆ పనికే వాడాలి, అది నియమం. "ఇవి వంటకు కాదమ్మా" అని తీసి సర్దేశాను. సరోజ ఏడవలేదు, నా చేతుల వంక చూసింది.

"ఎసరు గూడా పెట్టింది పాపం, దించనన్నా దించనీలేదే మీరు" అంది దేవమ్మ.

3 జూలై

నేను చేసింది సరైనదే.

19 జూలై

తల్లులు వచ్చారు, అందరూ ఒకేసారి.

"పద్యం ఒగటన్నా నేర్పీలేదే!"

"మావాడు ఇంటికొచ్చి అంగీ గుండీలు వాడే పెట్టుకుంటాండాడు. దానికి బడి యాల? నేను పెడ్తా గదా!"

"కాయగూరలు తరిగే ఆట, నీళ్ళు పోసే ఆట. మా ఇండ్లల్లో లేవా నీళ్ళు?"

పిల్ల తన పని తను చేసుకోవడమే మొదటి చదువని చెప్పబోయాను. నా మాటలు నాకే పుస్తకంలోంచి చదువుతున్నట్టు వినిపించాయి. మహానందమ్మ గారు వెనక నిలబడి వింటున్నారు. చివరికి, "పిల్లోల్లు యాడ్సకుండా పోతాండారు గదా. ఉండనీండి" అన్నారు. అంతే, అందరూ వెళ్ళిపోయారు.

ఆమె తన మనవరాలిని పంపితే ఈ వీధంతా పంపుతుంది. ఆమె మానితే మానుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఆ ఒక్క మాటతో తెలిసింది.

8 ఆగస్టు

నిశ్శబ్దపు ఆట ఆడించాను.

పిల్లలు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. టీచరు పక్కగదిలోకి, కనబడకుండా, వెళ్ళి ఒక్కొక్కరి పేరూ గుసగుసగా పిలుస్తుంది, ఒకే ఒకసారి. ఆ పేరు గల పిల్ల అడుగుల చప్పుడు కాకుండా నడిచి వస్తుంది. మద్రాసులో నేను చూసినప్పుడు పిల్లలు నిద్రలో నడిచే దేవతల్లా వచ్చారు, నాకు కళ్ళు చెమర్చాయి.

ఇక్కడ ఎవరూ రాలేదు. ఒక్కొక్కరినీ పిలిచాను. రెండోసారి పిలవకూడదు, పిలవలేదు. తలుపు సందులోంచి చూస్తే అందరూ బిగుసుకుని కూర్చున్నారు. ఒక పాప రెండు చేతులతో నోరు మూసుకుంది.

వినడం అలవాటు లేదు వీళ్ళకు. దేవమ్మ పెద్ద గొంతుకు అలవాటు పడ్డారు.

9 ఆగస్టు

మళ్ళీ ఆడించాను. రాలేదు.

10 ఆగస్టు

రాలేదు.

16 ఆగస్టు

వచ్చింది! సరోజ వచ్చింది! ఒక్కసారి పిలిచాను, తలుపు నెట్టుకుని చీకట్లోకి వచ్చి, నన్ను చూసి, ఒక్క ఉదుటున నడుము చుట్టేసుకుంది. ఒళ్ళు వణుకుతోంది. ఆనందం అనుకున్నాను. ముట్టుకోకూడదన్నది మరిచిపోయి ఎత్తుకున్నాను.

17 ఆగస్టు

సరోజ రాలేదు. జ్వరమట. వానాకాలం, ఊళ్ళో చాలామందికి ఉంది.

18 ఆగస్టు

సగం మంది రాలేదు.

వచ్చినవాళ్ళలో ఒక పాప దేవమ్మ కొంగు పట్టుకుని చెబుతోంది: "టీచరమ్మ దయ్యం మాదిరి పిలిచె. సరోజ పలికె. దానికే జొరమొచ్చె."

19 ఆగస్టు

ఎవరూ రాలేదు. దేవమ్మ వచ్చింది. గది ఊడ్చి, చాపలు పరిచి, సాయంత్రం దాకా కూర్చుని, చాపలు చుట్టింది.

22 ఆగస్టు

మహానందమ్మ గారింటికి వెళ్ళాను. నడవలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. లోపల్నుంచి సరోజ మూలుగు వినిపిస్తోంది. వెళ్ళి చూస్తానని లేవబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"జొరానికి కంపౌండరు ఉన్నాడు, మందిచ్చినాడు. దాన్ని గురించి గాదు మ్మేయ్ నేను మాట్లాడేది. నువ్వు దాంకోని పిలిస్తివా, లేదా?"

"అది ఆట పెద్దమ్మా. ఏకాగ్రత కోసం."

"మొగం కనపడకుండా, గొంతు గూడా నీది మాదిరి లేకుండా పిలిస్తివి. అది పలికె. ఆ పిల్లకు నేను మొదట నేర్పించిన చదువు ఏందో తెలుసునా నీకు? మొగం జూడకుండా పలకొద్దు, మూడు మాట్లు పిలిస్తేగాని కదలొద్దు, దయ్యం మూడోమాటు పిలవలేదు. అంతే. దానికి మాటలు రాకముందు నుంచీ నేర్పిస్తాండా. నువ్వొచ్చి ఒక్క పూటలో మాన్పిస్తివి."

"పిలిచింది నేను, దయ్యం కాదు. ఇదంతా ఉత్త మూఢనమ్మకం."

"దయ్యమో మనిషో, పలికినంక తెలిసి ఏం లాభం?"

జ్వరం దోమల వల్ల వస్తుందని చెప్పాను. ఆమె తల ఊపి, "నాకూ తెలుసు" అన్నారు.

27 ఆగస్టు

కర్నూలు నుంచి కబురు. నవంబరులో బాలవాడీలు చూసే ఆఫీసరమ్మ వస్తుంది. అప్పటికి పిల్లలు లేకపోతే బాలవాడి అవుకు ఊరికి మారుతుంది, అక్కడి వాళ్ళెవరినో టీచరుగా వేస్తారు. నేను ఇంటికి.

నాకేం భయం లేదు. మద్రాసులో ఎవరైనా ఉద్యోగం ఇస్తారు.

సరోజకు జ్వరం తగ్గిందట. దాని గురించి నేను ఎవరినీ అడగలేదు, దేవమ్మే చెప్పింది. రోజూ చెబుతోంది, నేను అడక్కుండానే.

4 సెప్టెంబరు, నంద్యాల

ఖాళీ గది చూస్తూ కూర్చోలేక వచ్చేశాను. నాయన ఏమీ అనలేదు. మా అంగట్లోకి కొత్త చీరలొచ్చాయి, చూడమన్నాడు. ఏమీ అనకపోవడం ఆయనకు బాగా వచ్చు.

మధ్యాహ్నం మిద్దె మీద కూర్చుని శిక్షణ పాఠాలు తిరగేస్తున్నాను. కింద దొడ్లోంచి అమ్మ పిలిచింది. "ఉమా." పేజీ తిప్పాను. "ఉమా." విన్నాను, పలకలేదు. "ఉమా!" "ఆఁ" అన్నాను.

అమ్మ కింద గొణుక్కుంటోంది: "మద్రాసు పోయినా అదే. మూడు మాట్లు పిలిస్తేగాని పలకదు. అంతా వాళ్ళ జేజి పెంపకమే."

పుస్తకం ఒళ్ళోంచి జారింది. నేను పని మీద ఉండి పలకలేదనుకున్నాను, ఇన్నేళ్ళూ. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి నన్ను చెవిటిదని ఏడిపించేది. నేను చెవిటిదాన్ని కాను. మొదటి పిలుపు వినగానే నా ఒళ్ళే ఆగిపోతుంది, రెండోది లెక్కపెట్టుకుంటుంది, మూడోదానికి నోరు తెరుచుకుంటుంది. మా జేజి, నాయనను కన్న అమ్మ, పోయి పదేళ్ళు దాటింది, ఆమె నేర్పింది మాత్రం నాలో కూర్చునే ఉంది.

మరి ఆ పిల్లలు నోరు మూసుకుని కూర్చుంటే వినడం రాదని ఎలా రాశాను? నా అంత బాగా ఎవరికి తెలుసు వాళ్ళు ఎంత శ్రద్ధగా వింటున్నారో?

మద్రాసులో మాకు నేర్పినావిడ ఒకేసారి పిలవమంది. ఎందుకని మాలో ఒక్కరమూ అడగలేదు. ఆవిడ గుజరాతు మనిషి. ఆవిడకు నేర్పినవాళ్ళు ఇంకెక్కడి వాళ్ళో. ఆ దేశంలో పిల్లలు మొదటి పిలుపుకే పలుకుతారు కాబోలు.

7 సెప్టెంబరు, ఆళ్ళగడ్డ

దేవమ్మను అడిగాను, పిల్లలు ఎందుకు రావడం లేదో ముందే తెలుసా అని.

"తెలుసు."

"చెప్పలేదేం?"

"మీ శిక్షణలో అట్లనే చెప్పినారేమో అనుకుంటి. మా దొరసాని చెప్పింటే మేము అడిగితిమా?" చాప అంచు సరిచేస్తూ అంది, "మాకైతే దయ్యాలూ గియ్యాలూ లేవు మ్మా, ప్రార్థన చేసుకునేవాళ్ళం."

"అయితే మొదటి పిలుపుకే పలుకుతారా?"

"పలకను. ఊరికే యాల అని."

ఇద్దరం నవ్వాం. ఖాళీ గదిలో నవ్వు గట్టిగా వినిపించింది.

12 సెప్టెంబరు

మహానందమ్మ గారింటికి మళ్ళీ వెళ్ళాను. ఆమె అలసందలు చెరుగుతున్నారు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. సరోజ చిక్కిపోయింది, కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. నన్ను చూసి గాదె వెనక్కి పరిగెత్తింది.

గాదె వెనక నుంచి గుసగుస: "జేజీ."

మహానందమ్మ గారి చేట ఆగలేదు.

"జేజీ."

చేట ఆగింది. ఆమె ముఖంలో ఒక చిన్న కదలిక, నవ్వుకు ముందరిది.

"జేజీ!"

"ఓ!" అన్నారామె, ఇల్లంతా వినబడేలా. సరోజ కిలకిలా నవ్వుతూ పరిగెత్తుకొచ్చి ఆమె వీపు మీద పడింది. మళ్ళీ గాదె వెనక్కి వెళ్ళింది. మళ్ళీ అదే.

నేను ఆడించిన ఆటే. జ్వరంలోంచి లేచి దాన్ని తనకు కావలసినట్టు మార్చుకుంది.

"పొద్దన్నించీ ఇదే పని" అన్నారు మహానందమ్మ గారు. "నువ్వు నేర్పించిందే గదా."

"నేను ఇలా నేర్పలేదు పెద్దమ్మా. ఇలా నేర్పాల్సింది."

చేట కింద పెట్టారు. నా ముఖంలోకి చూడకుండా, అలసందల్లో రాయి వెతుకుతూ చెప్పారు. "దీనికి ఒక మేనత్త ఉండె, నా బిడ్డ. అప్పటికి దీని ఈడే. మిట్టమధ్యాన్నం ఎవరో పిలిచినారని లేసి పాయ. కాలవకాడ దొరికె. ఎవరు పిలిచిరో నాకు ఇప్పటిదాకా తెలీదు."

రాయి దొరికింది. దూరంగా విసిరారు.

నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇలాంటప్పుడు ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

లేచేటప్పుడు అడిగాను: "మూడుసార్లు పిలుస్తాను. పంపిస్తారా?"

"పంపిస్తా. నేను గూడా వస్తా. వాకిలికాడ కూచుంటా."

పెద్దవాళ్ళు గదిలో ఉండకూడదు, పిల్లల స్వేచ్ఛకు అడ్డం. సరేనన్నాను.

19 సెప్టెంబరు

సరోజ వచ్చింది. జేజితో. జేజి చేటతో.

26 సెప్టెంబరు

గది సగం నిండింది. మహానందమ్మ గారు ఊరుకోరు. "ఆ పిల్లోని చెడ్డీ జారతాంది, చూడు." "దేవమ్మా, ఆ పాట ఆపి ఇంగోటి పాడు, తలనొప్పి వస్తాంది." దేవమ్మ గొంతు ఇంకా పెంచుతుంది. నేను ఇద్దరి మధ్యా ఏకాగ్రత వెతుక్కుంటున్నాను.

ఈ రోజు సరోజ దిమ్మెలతో పొయ్యి పెట్టింది. చూసీ చూడనట్టున్నాను. అన్నం ఉడికి, దించి, వడ్డించి, అందరూ తిన్నాక, దిమ్మెల్ని పెద్దదాని మీద చిన్నది పేర్చి అటక మీద పెట్టినట్టు పెట్టింది. గిన్నెలు అలాగే సర్దుతారు కదా.

11 అక్టోబరు

మూడు పిలుపులతో ఆడించాను. ఇలా అవుతుందని నేననుకోలేదు.

మొదటి పిలుపుకు గదిలో గాలి కూడా ఆగింది. రెండో పిలుపుకు, ఎవరి పేరు పిలిచానో ఆ పిల్ల పెదవులు కదిలాయి, చప్పుడు లేకుండా. మిగతావాళ్ళంతా ఆమె కోసం ఊపిరి బిగబట్టారు. మూడో పిలుపుకు లేచింది. మద్రాసులో చూసిన నిశ్శబ్దం కన్నా ఇది లోతైనది. అక్కడ పిల్లలు పిలుపు కోసం ఎదురుచూశారు. ఇక్కడ పిలుస్తున్నది ఎవరా అని ఆలోచిస్తున్నారు.

మహానందమ్మ గారు చేట పక్కన పెట్టి చూస్తున్నారు.

31 అక్టోబరు

అందరూ వచ్చారు. గుండీల పిల్లవాడి అమ్మ కూడా పంపింది.

16 నవంబరు

రేపు ఆఫీసరమ్మ వస్తుంది. నాకేం కంగారు లేదు. చీర రెండుసార్లు మార్చాను, రేపు కట్టుకోవాల్సింది ఈ రోజే కట్టి చూశాను, అంతే.

17 నవంబరు

ఆఫీసరమ్మ జీపు దిగింది. మనిషి మంచిది. మాది ఒకే శిక్షణ అని తెలిసి నా చెయ్యి పట్టుకుంది. దిమ్మెలు చూసి మురిసిపోయింది. నిశ్శబ్దపు ఆట చూపించమంది. తల్లులు కిటికీల దగ్గర గుంపుగా చేరారు. మహానందమ్మ గారు వాకిలి దగ్గర తన చోట్లో, చేటతో.

నేను వెనక గదిలోకి వెళ్ళి మూడుసార్లు పిలిచాను. పిల్ల వచ్చింది. ఆఫీసరమ్మ నా వెనకే వచ్చి మెల్లగా అడిగింది.

"మూడుసార్లు పిలుస్తున్నారేం? ఒకసారే కదా పిలవాలి."

"ఇక్కడి పిల్లలు మూడో పిలుపుకు లేస్తారండీ."

"ఎందుకని?"

"ఇంట్లో అలా నేర్పారు."

"ఇంట్లో నేర్పినవి మాన్పించడానికే కదమ్మా మనం ఉన్నది! ఉండండి, నేను పిలుస్తాను. మీరు వాళ్ళ దగ్గర కూర్చోండి."

వచ్చి నేల మీద కూర్చున్నాను. లోపల్నుంచి, అచ్చం మద్రాసులో నేర్పినట్టే, తియ్యగా, సన్నగా, ఒకే ఒకసారి:

"సరోజా."

ఎవరూ కదల్లేదు. సరోజ పెదవులు బిగించింది. ఆఫీసరమ్మ రెండోసారి పిలవదు. నాకు తెలుసు, నేనూ పిలవలేదు కదా. లోపల ఆమె ఎదురుచూస్తోంది, బయట సరోజ ఎదురుచూస్తోంది. మిగతా రెండు పిలుపులూ నేను పిలవచ్చు. వెళ్ళమ్మా అని సరోజకు సైగ చేయచ్చు, బాలవాడి నిలుస్తుంది. చేయలేకపోయాను. ఆ బిగించిన పెదవుల వెనక ఎవరు ఉన్నారో నాకు తెలుసు. కాలవ దగ్గర దొరికిన పిల్ల ఉంది.

సరోజ కళ్ళు తెరిచింది. నన్ను చూడలేదు. వాకిలి వైపు చూసింది.

మహానందమ్మ గారి చేట ఆగిపోయి ఉంది. వెనక గది తలుపు వంక చూశారు. ఆ చీకటి వంక చాలాసేపు చూశారు. గొంతు సవరించుకున్నారు.

"పో మ్మా" అన్నారు. "మనిషే."

సరోజ లేచి, అడుగుల చప్పుడు కాకుండా, వెళ్ళింది.

నేను తల వంచుకున్నాను, ఎవరైనా నా ముఖం చూస్తారేమోనని. దేవమ్మ చూడనే చూసింది. తన కొంగు చివర నా చేతిలో పెట్టింది.

వెళ్ళేటప్పుడు ఆఫీసరమ్మ జీపు దగ్గర అంది: "బాలవాడి ఇక్కడే ఉంచమని రాస్తాను, పిల్లలు బాగా వస్తున్నారు. కానీ ఆ పెద్దావిడను గదిలో కూర్చోనివ్వకండి. నిశ్శబ్దం మధ్యలో మాట్లాడేసింది చూశారా, మొత్తం చెడిపోయింది."

చెడిపోలేదండీ అన్నాను. జీపు చప్పుడులో వినపడిందో లేదో. మళ్ళీ అనలేదు.

లోపలికి వచ్చేసరికి పిల్లలు వెళ్ళిపోయారు. మహానందమ్మ గారు అలసందలు మూట కడుతున్నారు.

"ఏమంటాండాది ఆ యమ్మ?"

"మిమ్మల్ని గదిలో కూర్చోనీయద్దంది."

"నాకు మాత్రం ఇంట్లో పనుల్లేవా? రేపట్నించి రాను. సరోజ తమ్మున్ని గూడా పంపిస్తా. వానికి ఇంగా మాటలు రావు, పిలిస్తే పలకడు, ఊరికే చూస్తాడు." చేట చంకన పెట్టుకుని లేచారు. గడప దాటాక ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నారు: "పిలిచేది మాత్రం నువ్వే పిలువు. ఇంగెవురినీ పిలవనియ్యొద్దు."

సరే పెద్దమ్మా అన్నాను.

ఆమె వెళ్ళిపోయాక వాకిలి దగ్గరికి వెళ్ళాను. ఆమె కూర్చున్న చోట రాయి ఇంకా వెచ్చగా ఉంది. అక్కడే కాసేపు కూర్చున్నాను.